ఓర్పు వలని కీడు

ఓర్పు స్త్రీకి భూషణమని పెద్దలందురు. బాల్యమున మా తండ్రిగారి యొద్ద భారత భాగవతములు చదువుకొనునపుడు నేనును దానినే నేర్చితిని. కాని ఆ భూషణమే ప్రాణముమీదికి తెచ్చు సమయము కూడ కలదని నిరుడు మా యింటి యనుభవమువలన తెలిసికొంటిని. మీలో నొకరికైనను ఉపయోగపడునేమో యని ఇది వ్రాయుచున్నాను.

మావారి అక్కగారికి రొమ్ము క్యాన్సరు వచ్చినది. మా వారు బడిపంతులుగా నున్న ఊరికి పెద్దాసుపత్రి దగ్గరగుటచే, చికిత్సకై ఆమె మా యింటనే యుండిరి. శస్త్రచికిత్స యైన పిమ్మట డాక్సోరూబిసిన్ అను ఎఱ్ఱని మందును నాలుగు విడతలుగా నెక్కించిరి. తరువాత ట్రాస్టుజుమాబ్ అను మందును మూడు వారముల కొకమారు చొప్పున ఒక సంవత్సరము ఇయ్యవలెననిరి. ఈ రెండును క్యాన్సరును అణచుటలో మేటివే గాని, కొందఱికి గుండె కండను బలహీనపఱచును. అందుచేత మందు మొదలిడక మున్నే ఎకో పరీక్ష చేసి, ట్రాస్టుజుమాబ్ సాగినంతకాలము మూడు నెలల కొకసారి చేయించుకొనుడని చీటీ వ్రాసి యిచ్చిరి. మొదటి రెండు పరీక్షలును చేయించితిమి. గుండె బాగుగ నున్నదనుటచే, తరువాతిదానిని వచ్చే నెలలో చూతమని మేమే జాఱవిడిచితిమి. తప్పు మాదే.

కొన్ని వారములకు వదినగారు మేడమెట్లు ఎక్కుచు నడుమ నిలిచిపోవుచుండిరి. రాత్రి తలక్రింద రెండు దిండ్లు లేనిదే పరుండలేకపోయిరి. అడిగినచో, "ఏమీ లేదమ్మా, మందు వేడి. నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది" అని నవ్వెడివారు. నేను ఆమె ఓర్పును ఇరుగుపొరుగువారి యొద్ద మెచ్చుకొంటినే గాని, ఆ నవ్వు వెనుకనున్న ఆయాసమును గుర్తింపనైతిని. ఒకనాటి సాయంకాలము ఆమె కాలిమట్టెలు బిగిసి, సబ్బు రాచినను ఊడిరాలేదు. చూతునుగదా, పాదములు పొంగియున్నవి. మరునాడే ఆసుపత్రికి తీసికొనిపోయితిమి.

గుండె ఎడమ గదిలో నిండిన రక్తమున నూటికి ఎంత వంతు ప్రతి కొట్టుకొనుటకు బయటికి పోవునో ఎకో చెప్పును. మందుకు ముందు ఆమెకు 62; ఆనాడు 43. ఆ అంకె 10కి మించి తగ్గి 50కి దిగువకు వచ్చినచో వైద్యులు ఉపేక్షింపరు. "ఆయాసం, వాపు వచ్చేసరికే గుండె చాలా రోజులుగా ఇబ్బంది పడుతూ ఉంటుందమ్మా. అవి రాకముందే పట్టుకోవడానికే ఈ పరీక్ష" అని వైద్యురాలు మెల్లగా మందలించిరి. గుండె కండ ముడుచుకొను తీరును కొలుచు స్ట్రెయిన్ అను లెక్క ఈ అంకెకంటె ముందే తగ్గవచ్చుననియు, రక్తములో ట్రోపోనిన్ అను మాంసకృత్తు పెరుగుటయు కండకు దెబ్బ తగిలినదనుటకు సూచన యనియు వివరించిరి.

ఆలస్యము ఎంత చేటో మావారు చదివి వినిపించిరి. డాక్సోరూబిసిన్ వర్గపు మందులవలన గుండె బలహీనపడిన 201 మందిని ఇటలీలోని మిలాను వైద్యులు పరిశీలించి 2010లో ఫలితములు ప్రకటించిరి. క్యాన్సరు మందు ముగిసిన రెండు నెలలలోపున గుండెకు చికిత్స మొదలిడినవారిలో పెక్కుమంది పూర్తిగా కోలుకొనిరి. ఆరు నెలలు దాటినవారిలో ఒక్కరును పూర్తిగా కోలుకొనలేదు. ఆ మాట వినునప్పుడు నా చేతిలోని పని నిలిచిపోయినది.

వదినగారికి ట్రాస్టుజుమాబ్ నిలిపి, గుండెకు మాత్రలిచ్చిరి. ఆ మందువలని బలహీనత, నిలిపినచో చాలమందిలో తగ్గునట. మూడు నెలలకు అంకె 54 అయినది. మరల మందు ప్రారంభించి, కనిపెట్టుచు పూర్తిచేసిరి.

భయపడి క్యాన్సరు మందు మానుడని నేను చెప్పుట లేదు. మందుకు ముందే గుండెను కొలిపించుకొనుడు. ఆ అంకెలను తేదీలతో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. బాగున్నదని గడువు దాటనీయకుడు. ఆయాసము, కాళ్లవాపు, గుండెదడ కలిగిన నాడే చెప్పుడు.

ఇప్పుడు వదినగారు అలసినచో "కాసేపు కూర్చుంటానే" యని నిస్సంకోచముగ చెప్పుచున్నారు. నేనును ఓర్పును మెచ్చుటకు ముందు పాదములవైపు చూచుట నేర్చుకొంటిని.