ఇంజను మార్పిడి: చట్టం చూడవలసింది కాగితాన్నా, పొగనా?

వాహనానికి ప్రాణం ఇంజను. అది అరిగిపోతే మరొకటి బిగించుకోవడం యజమాని సొంత వ్యవహారమని సామాన్యుడు భావిస్తాడు. చట్టం అలా భావించదు. పార్లమెంటు వార్తలు రాసే వృత్తిలో పెద్ద బిల్లుల వెంటే తిరిగినా, పౌరుడికీ రాజ్యానికీ నడుమ ఉన్న సంబంధం ఇలాంటి చిన్న సెక్షన్లలోనే తేటగా కనిపిస్తుందని నా అనుభవం.

నా చిన్నతనంలో పెట్రోలు అంబాసిడర్లకూ, జీపులకూ డీజిల్ ఇంజన్లు బిగించడం సర్వసాధారణం. విజయవాడ ఆటోనగర్‌లో ఆ విద్య తెలిసిన మెకానిక్కులకు ఎంతో గౌరవం ఉండేది. అందుకు మూలం ప్రభుత్వ ధరల విధానం. దశాబ్దాల తరబడి డీజిల్‌ను పెట్రోలు కంటే చౌకగా ఉంచింది ప్రభుత్వమే. ఆ ధరపై నియంత్రణ 2014 అక్టోబరులో గానీ తొలగలేదు. పానా తిప్పింది మెకానిక్కే అయినా, ఆ చేతిని నడిపింది ఢిల్లీ.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఈ వ్యవహారానికి కీలకం. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2000లో సవరించిన ఈ సెక్షన్ చెబుతుంది. ఆమోదించిన కిట్‌తో గ్యాస్‌కో, బ్యాటరీకో మారడానికి మాత్రం మినహాయింపు ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఈ కట్టుబాటు అర్థరహితం కాదు. ఇంజను నంబరు చూడకపోతే దొంగబండ్ల వ్యాపారానికి తలుపులు తెరిచినట్లే. పాత బ్రేకులున్న బండికి రెట్టింపు శక్తి గల ఇంజను అమర్చితే ప్రమాదం ఎదుటివాడికి కూడా. పైగా బీఎస్-6 ఇంజను శుభ్రంగా పనిచేయాలంటే దానికి తోడుగా కంప్యూటరు, కెటలిటిక్ కన్వర్టర్, డీజిల్ అయితే మసిని పట్టే ఫిల్టరు ఉండాలి. వాటిని వదిలి ఇంజనొక్కటే తెచ్చి బిగిస్తే పేరు కొత్తది, పొగ పాతది.

అయితే అదే సెక్షన్‌లో మరొక ఏర్పాటు ఉంది. కనీసం 10 రవాణా వాహనాలు ఉన్న యజమానికి, అదే తయారీ, అదే రకం ఇంజనును ముందస్తు ఆమోదం లేకుండానే మార్చుకునే వీలును రాష్ట్ర ప్రభుత్వం కల్పించవచ్చు. మార్చిన 14 రోజుల్లో తెలియజేస్తే చాలు. ఒకే ఒక్క టాక్సీతో కుటుంబాన్ని పోషించుకునేవాడికి ఈ వెసులుబాటు లేదు. రోజు గడిస్తే రోజు కూలి పోయేది అతడికే. పది బండ్లవాడి మాటపై రాజ్యానికున్న నమ్మకం ఒక బండివాడి మాటపై ఎందుకు లేదు?

తనకు అవసరమైనప్పుడు రాజ్యం తయారీదారు మాటను పక్కన పెట్టగలదని కూడా మనం చూశాం. 3.5 టన్నుల లోపు బీఎస్-6 వాహనాల్లో డీజిల్ ఇంజను తీసి సీఎన్‌జీ ఇంజను అమర్చుకోవచ్చని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. అంటే మార్పు తనంతట తాను నేరం కాదు. ప్రభుత్వం కోరిన దిశలో జరిగితే అది సంస్కరణ.

రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లను నిషేధించడాన్ని 2018లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. అక్కడ కొలమానం వయసు. 2025 డిసెంబరుకు వచ్చేసరికి అదే న్యాయస్థానం, బీఎస్-4, అంతకు తరువాతి ప్రమాణాల వాహనాలపై వయసు కారణంగా మాత్రమే కఠిన చర్యలు వద్దన్నది. పుట్టిన తేదీ నుంచి పొగ వైపు చూపు మళ్లడం మొదలైంది.

ఆ చూపు ఇంజను మార్పిడి దాకా రావాలి. మన కాలుష్య ధ్రువపత్రం పరీక్షలో పెట్రోలు బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, డీజిల్ బండికి పొగ సాంద్రత చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లను చూడరు. ఇంత బలహీనమైన పరీక్ష ఉన్నప్పుడు కాగితాన్నే నమ్ముకోక అధికారికి గత్యంతరం లేదు. అందుకే ముందు పరీక్ష బలపడాలి. ఆ తరువాత, ఇంజను మార్చిన బండిని ప్రభుత్వ పరీక్షా కేంద్రానికి తెచ్చి, భద్రతా ఉద్గారాలూ నిరూపించుకున్న యజమానికి కొత్త వివరాలతో రిజిస్ట్రేషన్ ఇచ్చే మార్గం ఉండాలి. మంచి శరీరమున్న బండిని తుక్కు చేయించడం కంటే అది దేశానికి లాభం.

గాలి అందరిది, కాబట్టి యజమాని హక్కు అతడి పొగగొట్టం దగ్గర ఆగిపోవాలి. ఆ హద్దును కాపాడే బాధ్యత ఉన్న చట్టం కూడా ముందుగా ఆ పొగగొట్టం వైపే చూడాలి.