ఉదయం ఆరున్నరకు

రేడియో తైసో, అంటే రేడియో వింటూ చేసే వ్యాయామం, జపాన్‌లో 1928లో మొదలైంది. అమెరికాలో ఒక బీమా కంపెనీ రేడియోలో నడిపిన వ్యాయామాన్ని చూసి జపాన్ తపాలా జీవిత బీమా విభాగం దీన్ని తెచ్చింది. యుద్ధం తర్వాత కొన్నేళ్లు ఆగి, 1951లో కొత్త రూపంలో మళ్లీ వచ్చింది. జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియోలో రోజూ ఉదయం 6:30కి పది నిమిషాలు వస్తుంది.

పార్కులో ఎవరో ఒకరు బెంచీ మీద రేడియో పెడతారు. పియానో మోగగానే, ఎనభై దాటినవాళ్లు సైతం రెండు చేతులూ పైకెత్తి ఒళ్లు సాగదీస్తారు. పది నిమిషాల్లో కండలేమీ రావు. అయితే ఆరున్నరకల్లా ఇల్లు కదలాలి, నలుగురినీ పలకరించాలి. రెండు రోజులు కనబడని మనిషి గురించి మిగతావాళ్లు ఆరా తీస్తారు. మందులు ఇవ్వలేని మేలు ఇదే.

పెద్దవాళ్ల కోసం 2002లో జపాన్‌లోని కోచి నగరం కుర్చీ వ్యాయామం తయారుచేసింది. చేతులకూ కాళ్లకూ బరువుల పట్టీలు కట్టుకుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ కాలెత్తి, మరో నాలుగు లెక్కపెడుతూ మెల్లగా దించుతారు. అంకెలు పైకి చెప్పాలి. చెప్పకుండా ఊపిరి బిగబడితే రక్తపోటు పెరుగుతుంది.

తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లకు వినబడేది ఒకటే: “నువ్వు కూర్చోమ్మా, మేం చూసుకుంటాం.” టోక్యోలోని నిషి-కసాయి ప్రాంతంలో పిల్లల దగ్గరికొచ్చిన తల్లిదండ్రులకూ అదే మాట. వంటింట్లోకి వస్తే కూర్చో, బట్టలు మడతపెడితే కూర్చో. ప్రేమతోనే అంటారు, నిజమే. కానీ కూర్చోబెట్టిన మనిషి తొడల్లో సత్తువ తగ్గుతుంది, పగలంతా కునుకు తీస్తే రాత్రి నిద్ర పట్టదు, మాట్లాడే తోడూ ఉండదు. నడకకు పంపినా ఒంటరిగానే పంపుతారు.

నలుగురూ కలిసి ఒళ్లు కదిలించడం తెలుగువాళ్లకు జపాన్ నేర్పాల్సిన విద్యేమీ కాదు. కోలాటంలో కర్రకు కర్ర తగలాలంటే ఎదుటివాళ్ల అడుగు కనిపెట్టాలి, వరస గుర్తుండాలి, తాళం తప్పకూడదు. ఒళ్లూ బుర్రా ఒక్కసారే పనిచేస్తాయి. బతుకమ్మ చుట్టూ మనవరాళ్లతో సమంగా అమ్మమ్మలు వంగి లేచి చప్పట్లు కొడతారు. ఆ తొమ్మిది రోజులూ మోకాళ్ల నొప్పి ఊసే ఉండదు. పండగ వెళ్లగానే మళ్లీ కూర్చో.

కొరవడింది రోజూ తప్పని వేళ. అపార్ట్‌మెంట్ కింద ఖాళీ జాగా, ఒక స్పీకరు, నాలుగు కుర్చీలు చాలు. కళ్లు తిరిగేవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడిగి చేరాలి. మోకాళ్లు సహకరించనివాళ్లు కుర్చీలోనే చేతులు ఆడిస్తూ ఆ వరసలోనే ఉండవచ్చు.