ఆ వీడియో నేనూ ఫార్వర్డ్ చేశా

2023 నవంబర్. రష్మిక లిఫ్ట్‌లోకి వస్తున్న వీడియో మా ఆఫీస్ గ్రూప్‌లో పడింది. రెండు సెకన్లు చూసి కాలేజ్ బ్యాచ్ గ్రూప్‌కి పంపేశా. కోడ్ రాసుకుని బతికేవాణ్ణి, ఒక్క క్షణం కూడా డౌట్ రాలేదు.

తర్వాత తెలిసింది, అది డీప్‌ఫేక్ అని. ఒక బ్రిటిష్ ఇండియన్ అమ్మాయి వీడియోకి రష్మిక ముఖం అతికించారు. మొదట్లోనే ఆపి చూస్తే అసలు ముఖం కనిపిస్తుంది. ఆపి చూసిందెవరు?

బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉన్న మా చెల్లికి నవ్వుతూ చెప్పా. అది నవ్వలేదు.

"అన్నయ్యా, రష్మిక కాబట్టి దేశమంతా మాట్లాడింది. నా ఫొటోతో చేస్తే మా క్లాస్ గ్రూప్‌లో ఎవడు నమ్ముతాడు, అది నేను కాదని?"

రష్మిక కూడా ఇదే రాసింది. స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు ఇలా జరిగుంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని.

2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఒకణ్ణి అరెస్ట్ చేశారు. ఎక్కడో కాదు, మన గుంటూరులో. వాడూ బీటెకే. ఫ్యాన్ పేజీకి ఫాలోవర్స్ పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు.

చెల్లి ఆ న్యూస్ లింక్ పంపి, కింద ఒక్క ముక్క రాసింది: "చేసినవాడు దొరికాడు. మరి పంచినవాళ్లు?"

బ్యాచ్ గ్రూప్ ఓపెన్ చేశా. వీడియో ఇంకా అక్కడే ఉంది. అందరికీ డిలీట్ చేసే టైమ్ ఎప్పుడో దాటిపోయింది. "అది ఫేక్. పంపింది నేనే. సారీ" అని టైప్ చేశా.

ఇద్దరు నవ్వే ఎమోజీ పెట్టారు.