పాతిక వాట్ల బిళ్ళ

మా అన్న మైకుసెట్టు మోసేవాడు. మోసేవాడు అని ఎందుకంటున్నానంటే సెట్టు మాది కాదు, ఊళ్ళో ఒక ఆసామిది. పెళ్ళికీ, ఎలక్షన్లకీ, శ్రీరామనవమికీ అదే సెట్టు. ఒక అహూజా ఆంప్లిఫైయరు, రెండు గొట్టాలు, రికార్డు ప్లేయరు, లారీ బ్యాటరీ. బ్యాటరీ భుజాన పెట్టుకుని అన్న పొలం గట్ల మీద నడిచేవాడు. యాసిడ్ చింది చొక్కాలన్నీ చిల్లులు. మా అమ్మ కుట్టేది. మళ్ళీ చిల్లులు.

నవమి పందిట్లో ఆంప్లిఫైయరు దగ్గర ఆసామి కొడుకు కూర్చునేవాడు. గొట్టాలు గుడి మీద కడితే ఊరంతా వినపడుద్ది. కానీ అన్న గుడి ఎక్కగూడదు. అందుకని బయట వేపచెట్టుకి కట్టేవాడు. అంతకు ముందు మా నాయన డప్పు కొట్టింది కూడా ఆ వేపచెట్టు కిందే. శబ్దం లోపలికి పోవచ్చు. మేం పోగూడదు.

అన్న చదివింది ఏడు. అయినా ఓమ్ అంటే ఏందో నాకు మొదట చెప్పింది అన్నే, పాలిటెక్నిక్ లెక్చరర్ కాదు. ఆంప్లిఫైయరు వెనకాల 4, 8, 16 అని అంకెలు, 100 వోల్టుల లైను అని ఇంకోటి ఉంటాయి. "ఏ గొట్టం ఏ అంకెకి తగిలించాలో తెలీకుండా నాలుగు గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి తగిలిస్తే ఓములు పడిపోతయ్ రా. పెట్టె కరెంటు ఎక్కువ లాగుద్ది. మోత బాగుంటది. కాసేపటికి వాసనొస్తది" అనేవాడు. ఆ వాసన 2ఎన్3055 ట్రాన్సిస్టరు కాలిన వాసన. దాని ఖరీదు అన్న కూల్లో కోసుకునేవాళ్ళు.

1985 జూలైలో కారంచేడు జరిగింది. మాదీ ప్రకాశం జిల్లానే. ఆ మరుసటి ఏప్రిల్లో మా పల్లెలో మొదటిసారి అంబేద్కర్ జయంతి చేద్దామనుకున్నాం. అన్న పోయి సెట్టు అడిగాడు, అద్దె ఇస్తామన్నాడు. సెట్టు రిపేరులో ఉందన్నారు. ఆ రాత్రే ఊళ్ళో ఏదో పెళ్ళిలో అది మోగింది. మా జయంతికి నాయన డప్పు ఒక్కటే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పన్నెండేళ్ళ తర్వాత అమెరికాలో, అరిజోనాలో, ఒక పార్కింగ్ స్థలంలో మీటరు చేత్తో పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ రిపేరు మాటే.

1997లో నేను కంప్యూటర్ల పనికి టెంపే అనే ఊరు వెళ్ళాను. ఒక అపార్టుమెంట్లో నలుగురు తెలుగువాళ్ళం. మొదటి వారంలోనే ఏ జిల్లా, ఏ ఊరు, ఇంటిపేరేంటి అయిపోయింది. మా ఇంటిపేరు వేరే కులంలో కూడా ఉంది. వాళ్ళు వాళ్ళకి అనుకూలమైన అర్థం చేసుకున్నారు. నేను కాదనలేదు. కాదనకపోవడం కూడా అబద్ధమే. రెండేళ్ళు ఆ అబద్ధంలో అన్నం తిన్నాను.

శని ఆదివారాలు వాళ్ళ కబుర్ల నుంచి తప్పించుకోవడానికి దగ్గర్లో కార్లకి స్పీకర్లు బిగించే షాపుకి పోయేవాణ్ణి. టెంపే ఆ విద్యకి పుట్టినిల్లు లాంటిది. రాక్‌ఫర్డ్ ఫాస్‌గేట్ కంపెనీ అక్కడిదే. షాపు ముసలాయనకి నేను టంకం పెట్టే తీరు నచ్చింది. పోటీలప్పుడు రమ్మనేవాడు.

కార్లలో శబ్దం పోటీలేంటి అని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కారు అద్దాలు బిగిస్తారు. ముందు అద్దం దగ్గర మైకు పెడతారు. బయట నుంచి మీట నొక్కుతారు. ఎన్ని డెసిబెల్స్ వస్తే అంత మార్కు. అందరినీ ఒక్క గాటన కట్టకుండా ఆంప్లిఫైయర్ల వాట్లను బట్టి తరగతులు చేశారు. యాభై వాట్లవాడు యాభై వాట్లవాడితోనే తలపడాలి. వినడానికి ఎంత న్యాయం! డబ్బు లేని కుర్రాడు కూడా చిన్న తరగతిలో గెలవొచ్చు.

అయితే వాట్లు ఎవరు కొలవాలి? అక్కడే ఉంది మడతపేచీ. ఎవరూ కొలవరు. పెట్టె మీద కంపెనీ కొట్టిన బిళ్ళ చూస్తారు. నాలుగు ఓమ్‌ల దగ్గర ఎన్ని వాట్లని బిళ్ళ చెబితే అన్ని.

కంపెనీలకి తెలివి లేకనా? ఓరియన్ వాళ్ళ హెచ్‌సీసీఏ 225 అని ఒక పెట్టె ఉంది. హై కరెంట్ కాంపిటిషన్ ఆంప్లిఫైయర్ అని పూర్తి పేరు. 225 అంటే రెండు చానెళ్ళు, ఒక్కోటి పాతిక వాట్లు. పాతిక వాట్లంటే నాలుగు ఓమ్‌ల మీద పది వోల్టులు. అదే పది వోల్టుల్ని రెండు ఓమ్‌ల మీద నిలబెడితే యాభై వాట్లు. ఒక ఓమ్ మీద నూరు. అర ఓమ్ మీద రెండు వందలు. మామూలు పెట్టె అక్కడిదాకా రాకముందే మా అన్న చెప్పిన వాసన వస్తుంది. ఈ పెట్టె రాదు. లోపల కరెంటు సరఫరా అంత దిట్టంగా కట్టారు. బిళ్ళ మీద మాత్రం పాతికే. వీటినే అక్కడ చీటర్ ఆంప్‌లు అనేవాళ్ళు. తిట్టుగా కాదు, ముద్దుగా.

మన దేశంలో ఇదే రోగం తలకిందులుగా ఉండేది. ఆ రోజుల్లో టేపురికార్డర్ల మీద "1000 వాట్స్ పీఎంపీవో" అని ఉండేది గుర్తుందా? లోపల పది వాట్లు కూడా ఉండవు. అక్కడ గొప్ప కోసం పెంచుతారు, ఇక్కడ పోటీ కోసం తగ్గిస్తారు. ఇళ్ళలో వాడే ఆంప్లిఫైయర్ల వాట్లు ఎట్లా కొలిచి చెప్పాలో అమెరికా ప్రభుత్వం 1974లోనే నిబంధన పెట్టింది. కార్ల పెట్టెలకి అది వర్తించదు. 14.4 వోల్టుల దగ్గర, నాలుగు ఓమ్‌ల మీద, ఒక శాతం కన్నా వక్రీకరణ మించకుండా కొలవాలని పరిశ్రమ ఒక ప్రమాణం రాసుకునేసరికి 2003 వచ్చింది. అది కూడా ఇష్టమున్నవాళ్ళకి.

షాపుకి ఒక మెక్సికన్ కుర్రాడు వచ్చేవాడు. వాళ్ళ నాన్న తోటల్లో కూలి. కుర్రాడు టైర్ల షాపులో పని చేసి పాత పికప్ వ్యాను కొనుక్కున్నాడు. అందులో నిజంగా పాతికకి పాతిక వాట్లే ఇచ్చే పెట్టె. 1998 వేసవిలో పోటీకి వచ్చాడు. అదే యాభై వాట్ల తరగతిలో ఒక పెద్ద వ్యాను, నిండా స్పీకర్లు. కుర్రాడు ఎనిమిది డెసిబెల్స్ తేడాతో ఓడిపోయాడు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. ఎనిమిది తేడా అంటే ఆరు రెట్లకి పైనే. పోనీ కొంత స్పీకర్ల వల్ల అనుకుందాం. నేను మీటరు పెట్టి చూశాను. మీటరు తీగల సొంత నిరోధం తీసేస్తే అర ఓమ్ కంటే తక్కువే.

జడ్జీ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన కోప్పడలేదు. నిబంధనల పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ బిళ్ళ అని ఉంది. మీటరు అని లేదు."

కుర్రాడు గొడవ చెయ్యలేదు. నా దగ్గరికొచ్చి "అది ఎట్లా కలిపాడు?" అని అడిగాడు. కాగితం మీద గీసి ఇచ్చాను.

ఆ చలికాలంలోనే మా గదిలో ఒక రాత్రి. బీరు తాగుతూ రిజర్వేషన్ల మాట వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే. తక్కువ మార్కులకి సీటు, తక్కువ మార్కుల డాక్టరు సూది వేస్తే ఎట్లా, అదే పాట. అప్పుడు నా పక్క మంచం అతను నవ్వుతూ, "మా బాబాయి కొడుకు మెడిసిన్ సీటు ఎట్లా కొట్టాడో తెలుసా గురూ? ఎమ్మార్వో ఆఫీసులో ఇవ్వాల్సింది ఇచ్చి కొండజాతివాడైపోయాడు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. తెలివంటే అదీ అన్నారు.

దొంగ సర్టిఫికెట్ల మీద ఆంధ్రప్రదేశ్‌లో 1993లోనే చట్టం వచ్చింది. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు పరిశీలన కమిటీలు వెయ్యమంది. ఇవన్నీ నాకు తెలుసు. ఆ సీటు పోగొట్టుకున్న పిల్లవాడు ఏ తండాలోనో, ఏ గూడెంలోనో ఉంటాడని కూడా తెలుసు. రెండు వందల వాట్ల ఇంటివాడు పాతిక వాట్ల బిళ్ళ తగిలించుకుని పిల్లవాడి తరగతిలోకొచ్చి గెలిచాడు. అది తెలివైంది. మేం మా తరగతిలో మేం కూర్చుంటే అది దోపిడీ అయింది. ఇంత తెలిసీ నోరు తెరవలేదు. నేను కూడా నవ్వినట్టు మొహం పెట్టాను. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే రాయ కష్టమైన వాక్యం ఇదే.

1999 వేసవి పోటీకి కుర్రాడు మళ్ళీ వచ్చాడు. ఏడాది కూడబెట్టి అతనూ ఒక చీటర్ ఆంప్ కొన్నాడు. నాలుగు వూఫర్లు, ఒక్కోదానికి రెండేసి రెండు ఓమ్‌ల కాయిల్స్. వూఫరుకి ఒక ఓమ్, చానెల్‌కి రెండు వూఫర్లు, అర ఓమ్. నేను గీసిచ్చిన బొమ్మే. పికప్ అద్దాలు అలల్లా ఊగాయి. పెద్ద వ్యానువాడి మీద ఒక డెసిబెల్ ఎక్కువ వచ్చింది.

అప్పుడు మొదలైంది. వ్యానువాడు అభ్యంతరం పెట్టాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు. ఆ పెట్టె పాతిక వాట్లది అయ్యుండదన్నారు. బిళ్ళ మార్చాడేమో అన్నారు. అసలు ఆ పెట్టె అతనికి ఎక్కడిదని కూడా ఒకడు అడిగాడు. కొన్న రసీదు చూపించమన్నారు. కుర్రాడు చూపించాడు. పర్సులో మడిచి పెట్టుకుని తిరుగుతున్నాడు. అడుగుతారని వాడికి ముందే తెలుసు. మేం కుల సర్టిఫికెట్ ఫొటోస్టాట్లు పెట్టుకు తిరిగినట్టు.

రసీదుతో ఆగలేదు. అదే జడ్జీ నావైపు తిరిగి "నీ దగ్గర మీటరుంది కదా, చూడు" అన్నాడు.

"పోయినేడు మీటరు లేదన్నారు కదా" అన్నాను. గట్టిగా అన్నానని రాసుకోవాలని ఉంది. గట్టిగా అనలేదు. పరాయి దేశం, చేతిలో వీసా కాగితం, చుట్టూ పదిమంది. ఆయన విననట్టు ఉండిపోయాడు. నేను వంగి మీటరు పెట్టాను. అర ఓమ్. నోటితో చదివాను. అంకెని తప్పు చదవడం నాకు చేతకాదు. కానీ మీటరు కింద పెట్టి, ముందు ఆ వ్యానుది చూద్దాం రండి అని ఉండొచ్చు. అది తట్టింది ఇంటికొచ్చాక.

"భద్రత దృష్ట్యా" అని ఏదో రాసి కుర్రాణ్ణి రెండు తరగతులు పైకి తోశారు. అక్కడ ఆఖరి స్థానం. వ్యానుకి కప్పు. ఆ వ్యాను తలుపు ఎవరూ తెరవలేదు.

నిబంధన తప్పని నేననడం లేదు. బిళ్ళని నమ్మకుండా కొలవమనడం సబబే. ఒకే తరగతిలో పెద్దదీ చిన్నదీ ఉంటే మళ్ళీ లెక్క గట్టాలన్న మాట నాకు కొత్త కాదు. మా జిల్లా ఈదుమూడిలో 1994లో దండోరా మొదలైంది ఆ మాట మీదే. దాని సంగతి ఇంకో చోట రాస్తాను. కొలిస్తే అందరినీ కొలవాలి. ఆ తర్వాత కొన్ని పోటీల్లో వాట్ల బిళ్ళ గొడవే వదిలేసి, వూఫర్లు ఎన్నున్నాయో లెక్కబెట్టి తరగతులు చేశారు. వూఫర్లు కంటికి కనపడతాయి కాబట్టి కొంత మేలు.

కుర్రాడు పెట్టె ఊడదీసి షాపులో అమ్మకానికి పెట్టాడు. రెండు వందల డాలర్లకి నేనే కొన్నాను. వాడికి తెలియనివ్వొద్దని ముసలాయనతో చెప్పాను.

ఆ రాత్రి గదిలో అన్నం తింటూ చెప్పేశాను. మేం మాదిగలం, మా నాయన డప్పు కొట్టేవాడు, నేను చదివింది రిజర్వేషన్ సీట్లోనే అని. ఎవరూ ఏమీ అనలేదు. "అరె, దానిదేముంది గురూ" అన్నారు. నెల తిరక్కుండా పక్క మంచం అతను ఆఫీసు దూరమవుతోందని వేరే గదికి మారాడు. అతని ఆఫీసూ నా ఆఫీసూ ఒకటే.

2001 ఏప్రిల్‌కి సెలవు పెట్టి ఊరొచ్చాను. పెట్టె బట్టల మధ్యలో చుట్టి తెచ్చాను. అప్పటికి అన్నకి సొంత సెట్టుంది. నేను పంపిన డబ్బుతో 1998లో కొన్నాడు, కొత్త అహూజా. మా పల్లెలో మొదటి సొంత సెట్టు. జయంతి నాడు పొద్దున్నే లారీ బ్యాటరీ తెచ్చి అమెరికా పెట్టెకి తగిలించాం. రెండు గొట్టాలు పెట్టాం. ఊరు అదిరిపోద్దని నేను ఎదురుచూశాను.

రాలేదు. మాట పల్లె దాటలేదు. అన్న గొట్టం వెనక్కి వంగి చూసి, "ఇది పదహారు ఓమ్‌లది గదరా" అన్నాడు. అవును. పదహారు ఓమ్‌ల మీద పది వోల్టులంటే ఆరు వాట్లు. ఇంత లెక్క తెలిసినవాణ్ణి, అది మర్చిపోయాను.

"ఇంత దూరం ఎందుకు మోసుకొచ్చావురా దీన్ని" అని నవ్వాడు. తీగలు ఊడదీసి అహూజాకి తగిలించాడు. ఒక గొట్టం నా చేతికిచ్చి, ఇంకోటి భుజానికేసుకుని వేపచెట్టు వైపు నడిచాడు. ఈసారి మా పల్లె వేపచెట్టు. గొట్టం మూతి ఊరి వైపు తిప్పి కట్టాం.