వెదురు పొదలో పాండా డబ్బా

సోలాపూర్‌లో పద్దెనిమిదేండ్లు మిల్లులో, అది మూతబడినంక పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచాలు నడిపిన మనిషిని. 2025 ఎండకాలంలో కొడుకు పిలిస్తే అమెరికాలో వాషింగ్టన్ పక్కనున్న మేరీల్యాండ్‌కు పోయి వచ్చినము. పెద్ద పెద్ద భవనాలు అందరూ చూసేవే. మనుమరాలు నన్ను అడవిలోకి తీసుకపోయి ఆడించిన ఆట గురించి చెప్తాను.

దాని పేరు జియోక్యాషింగ్. ఎవరో ఒకరు చెట్లల్లో ఒక డబ్బా దాచి, ఆ జాగా అక్షాంశ రేఖాంశాల అంకెలు అందరికీ తెలియజేస్తరు. మనం ఫోన్ పట్టుకొని వెతకాలె. ఆకాశంలో కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతం అందితే మనమెక్కడున్నమో ఫోన్ చెప్తది. మొదట్ల ఈ లెక్కలో సామాన్య జనానికి అమెరికా సర్కారు కావాలనే కొంత తప్పు కలిపేది. 2000 మే నెల మొదట్ల అది తీసేసింది. వెంటనే మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచిండు. ఆట అట్లా మొదలైంది.

మేము వెతికింది పాండా డబ్బా. వాషింగ్టన్ జూకు 1972లో మొదటిసారి చైనా నుంచి పాండాలు వచ్చినయి. 2023లో అక్కడున్న మూడూ తిరిగి చైనాకు పోయినయి. 2024 అక్టోబర్‌లో కొత్త జంట వచ్చింది. అక్కడి పిల్లలకు పాండా అంటే ప్రాణం.

వాగు పక్క కాలిబాట మీద నడిచినము. "తాతా, ఆ మూడాకుల తీగ ముట్టుకోకు, దురద లేస్తది" అన్నది మనుమరాలు. చెట్ల కింద ఫోన్ అటూ ఇటూ కొంత తప్పుతది. ఆ తర్వాత కండ్లదే పని. తెగిన పోగును వెతికిన కండ్లు గదా నావి! పాండా తినేది వెదురు. "అటు చూద్దాం బిడ్డా" అని ఒడ్డు మీది వెదురు పొద దిక్కు పోయినము. ఎండుటాకుల కింద నలుపు తెలుపు రంగేసిన ఇనుప డబ్బా!

లోపల చిన్న చిన్న పాండా బొమ్మలు, నోటుబుక్కు, పెన్సిల్. ఒకటి తీసుకుంటే అంత విలువైనది ఒకటి పెట్టాలె. తాళం లేదు, కాపలా లేదు.

మా మిల్లులో పాళీ దిగినంక గేటు కాడ దినాం ఝడతీ ఉండేది. నడుము తడిమి, టిఫిన్ డబ్బా తెరిపించి, కండె దాచినమా అని చూసేటోళ్లు. పద్దెనిమిదేండ్లల్లో ఒక్క పోగు ఇంటికి తేలేదు. ఒక్క దినం గూడ నమ్మలేదు. ఇక్కడ డబ్బా దాచినోళ్లు ముఖం చూడనోళ్లను నమ్మిండ్రు.

మనుమరాలు ఒక పాండాను తీసుకున్నది. బదులుగా నేను సంచిలున్న కొత్త సోలాపూర్ నాప్‌కిన్ పెట్టిన. బుక్కులో పేరు రాయాలె. మిల్లులో నేను ఒక టికెట్ నంబరును. నాలుగో తరగతి దాకా నేర్చిన అక్షరాలతో నిండు పేరు, ఊరు తెలుగులో రాసిన. మనుమరాలికి తెలుగు మాట్లాడొస్తది గాని చదవరాదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి అడిగి చదువుకున్నది.

సెలవుల్లో హిప్పర్గా చెరువు దిక్కు పోయినప్పుడు మన పిల్లలతో గూడ ఈ ఆట ఆడించొచ్చు. జాగా ఎవరిదో వాళ్లను అడిగి డబ్బా పెట్టుండ్రి. తినేది పెట్టొద్దు, జంతువులు లాగుతయి. స్టేషన్, గుడి, కోట దగ్గర అసలే వద్దు, దిక్కులేని డబ్బా చూస్తే జనం భయపడతరు. లోపల ఒక నోటుబుక్కు మాత్రం మరువకండి. దొరికించుకున్న పిల్లలతో పేరు తెలుగులో రాయించుండ్రి.