నాన్న స్కోరు మూడు

నాన్న మెడ మీద గడ్డ నెలలోనే నిమ్మకాయంత అయింది. బయాప్సీలో డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అని తేలింది. వేగంగా ముదిరే రకం. అయినా కీమోకి లొంగి, చాలామందిలో పూర్తిగా తగ్గిపోతుందట.

ఆ రాత్రి ఫోన్‌లో 'ఐపీఐ' స్కోరు లెక్కేశా. వయసు 60 దాటితే ఒకటి. ఎల్‌డీహెచ్ పెరిగితే ఒకటి. స్టేజి 3 లేదా 4 అయితే ఒకటి. లింఫు గ్రంథులు కాక ఒకటికి మించిన చోట్లకి పాకితే ఒకటి. పనికి పోలేనంత నీరసముంటే ఒకటి. నాన్నకి మూడొచ్చింది. అమ్మకి చెప్పలేదు.

పొద్దున్నే డాక్టరుగారిని అడిగేశా. "అది వేలమందిని చూసి వేసిన లెక్కమ్మా. మీ నాన్నగారికి ఏమవుతుందో అది చెప్పదు. జ్వరమొస్తే మాత్రం ఆగకండి" అన్నారు.

ఆర్-చాప్, 21 రోజులకోసారి, ఆరు సైకిళ్లు. ఎర్రమందు ఎక్కిన రోజు మూత్రం ఎర్రగా వస్తే నాన్న హడలిపోయాడు. అది మందు రంగేనని చెప్పాక నవ్వాడు.

మూడో సైకిల్ తర్వాత ఓ అర్ధరాత్రి జ్వరం 101. "తెల్లారాక చూద్దాంలేవే" అన్నాడు. వినలేదు, ఆటో పిలిచా. తెల్లకణాలు బాగా పడిపోయాయి. వెంటనే యాంటీబయాటిక్స్ ఎక్కించారు.

చివరి పెట్ స్కాన్‌లో ఏమీ కనిపించలేదు. చెకప్‌లు ఇంకా నడుస్తున్నాయి.

మీ ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తోందా? స్కోరు తర్వాత వెతుక్కోవచ్చు. ముందు థర్మామీటరు కొనండి. 100.4 చూపిస్తే తెల్లారేదాకా ఆగకండి.