బొమ్మ తుపాకుల ఖానాజంగీ

ఒకే ఊరివారు, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటివారు, రెండు పక్షాలై ఆయుధాలు పట్టితే దానిని తెలుగులో అంతర్యుద్ధమంటాము. ఉర్దూలో దానికి ఖానాజంగీ అని పేరు. ఖానా అంటే ఇల్లు. జంగ్ అంటే యుద్ధం. ఇంటిలోని పోరు అన్నమాట. మా తరగతిలో ఒక విద్యార్థి ఈ మాటను 'భోజనాల దగ్గర కొట్లాట' అని తెనిగించాడు. ఇల్లనే ఖానా వేరు, అన్నమనే ఖానా వేరు. ఉర్దూ లిపిలో రెండింటికీ వ్రాత కూడ వేరే. తరగతి అంతా నవ్వింది, మేమూ నవ్వాము. కాని పల్నాటి వీరుల కథ తెలిసినవారికి ఆ అనువాదం పూర్తిగా కొట్టివేయదగినదిగా తోచదు. ఆ సంగతి తరువాత విన్నవించుకొంటాము.

ఈ మాట తరగతిలోకి రావడానికి కారణం ఉన్నది. మా విద్యార్థులు కొందరు ఈ సంవత్సరం వన్ టౌన్‌లో, కోటవీధి దాపుననే ఒక సందులో, సెల్‌ఫోనుతో ఒక ధారావాహిక తీస్తున్నారు. వెబ్ సిరీస్ అంటే అదేనట. ఇతివృత్తం అంతర్యుద్ధం. ఎగువ సందుకు, దిగువ సందుకు నడుమ ఒక మునిసిపల్ కుళాయి ఉన్నది. అది ఎవరిదన్న వివాదం ముదిరి ఇరుపక్షాలూ స్వతంత్ర రాజ్యాలుగా ప్రకటించుకొంటాయి. ఆయుధాలన్నీ పూర్ణా మార్కెట్‌లో కొన్న ప్లాస్టిక్ తుపాకులే. రంజాను నాడు ఈదీ డబ్బులు చేతిలో పడగానే పిల్లలు పరుగెత్తేది ఆ తుపాకుల బండి వద్దకే గదా. దీపావళి నాడు వాటి అన్నదమ్ములే రీళ్ళు మింగి పొగ కక్కుతాయి. మతసామరస్యానికి ఇంతకంటె గట్టి నిదర్శనం మాకు కనిపించలేదు.

చిత్రీకరణ చూడబోయి మేము చాలసేపు అక్కడనే నిలబడిపోయాము. సేనాపతి తుపాకిలో బ్యాటరీ అయిపోవడంతో ఆయన నోటితోనే 'ట్ర్ర్' మని కాల్చవలసి వచ్చింది. స్కూటరు వస్తే మృతులందరూ లేచి దారి ఇచ్చి, మళ్ళీ తమ తమ స్థానాలలో చనిపోయారు. అజాన్ వినబడగానే ఇరుపక్షాలూ కాల్పులు ఆపాయి. ఒక ముసలమ్మ ఎగువ సందు సైనికుని పిలిచి, దిగువ సందులోని దుకాణం నుండి కొబ్బరికాయ తెమ్మన్నది. శత్రుదేశంలోకి పోరాదని అతడు మనవి చేసినా ఆమె వినలేదు. ఇవేవీ వ్రాసుకొన్నవి కావు. ఐనా వాటిని తీసివేయక ఉంచారు. మంచి పని చేశారు.

అంతటితో ఆగితే ఇది పరిహాసం మాత్రమే. మొదటి రోజుననే చిక్కు వచ్చింది. శత్రుపక్షంగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. తెరమీద తుపాకి పట్టిన దుర్మార్గునికి ఏ రకం పేరు పెట్టడం పరిపాటి అయిపోయినదో మా పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. చివరకు అందరి పేర్లు చీటీలపై వ్రాసి ఒక టోపీలో వేసి తీశారు. రెండు పక్షాలలోనూ రెండు మతాలవారూ పడ్డారు. ఒక ఇంటి అన్న ఎగువ సందుకు, తమ్ముడు దిగువ సందుకు పడ్డారు. కథ అక్కడనే పుట్టిందని మా అభిప్రాయం.

రెండవ రోజున ఒక తల్లి వచ్చి కొడుకు చేతిలోని తుపాకి లాగుకొన్నది. “బేటా, ఇది ఆటని మీకు తెలుసు. ఫోటో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?” అన్నది. ఎవరూ మారుపలుకలేదు. ఆమెది వట్టి పిరికితనమని అనగలవారు 2014 నవంబరులో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జరిగినది గుర్తు చేసుకోవాలి. తమీర్ రైస్ అనే పన్నెండేండ్ల నల్లజాతి బాలుడు పార్కులో ఆట తుపాకితో ఉండగా పోలీసు కాల్చాడు; మరునాడు ఆ బాలుడు మరణించాడు. అది ఆట వస్తువని తెలిపే నారింజ రంగు గుర్తు ఆ తుపాకికి లేదు. ఒకే బొమ్మ అందరు పిల్లల చేతిలోనూ బొమ్మగానే ఉండదు. మా విద్యార్థులకు ఆ వార్త తెలుసునో లేదో గాని, మరునాటికి తుపాకులన్నిటికీ పసుపు, గులాబి రంగులు పూశారు. ఎవరింటి పెళ్ళికో తెచ్చిన రంగు మిగిలి ఉన్నదట. ఆ తల్లి చూచి, నవ్వాపుకోలేక, తుపాకి తిరిగి ఇచ్చింది.

ఇక పల్నాటి మాట. పన్నెండవ శతాబ్దిలో జరిగిన ఆ యుద్ధం తెలుగువారి ఖానాజంగీలలో అగ్రగణ్యమైనది. గురజాల నలగామరాజు, మాచెర్ల మలిదేవరాజు ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. కథ చెప్పేవారు యుద్ధకారణాలను వెదకుతూ పోతే తగిలేవి చాలవరకు ఆటలే. కోడిపందెంలో ఓడి బ్రహ్మనాయుని పక్షం ఏడేండ్లు వనవాసం చేసింది. బాలచంద్రుడు బొంగరాలాడుతుండగా బొంగరం ఎగిరి ఒక పడుచు పాదానికి తగిలింది. ఆమె ఆడిన మాటలు పొడిచి అతనిని కారెంపూడి రణభూమికి పంపాయి. మన ఏటికొప్పాక లక్కబొంగరాన్ని చూచినప్పుడెల్ల మాకు ఆ కథే జ్ఞప్తికి వస్తుంది. భోజనాల మాట కూడ ఉన్నది: కులభేదం లేక అందరినీ ఒక పంక్తిలో కూర్చుండబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడు ఆనాటి పెద్దలకు కంటగింపైనది. మా విద్యార్థి అనువాదానికి ఇంతకంటె మద్దతు ఏమి కావాలి?

ఇన్ని చావుల తరువాత, కథ ప్రకారం, బ్రహ్మనాయుడు మళ్ళీ నలగామునికే రాజ్యమప్పగించి గుత్తికొండ బిలానికి వెళ్ళిపోయాడు. పిల్లలంతా చచ్చారు, రాజు మాత్రం మారలేదు. నేటికీ కార్తికంలో కారెంపూడిలో ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అందులో ఒకరోజు కోడిపోరు. ఆనాటి పందెాన్ని ఆటగానే మళ్ళీ ఆడతారు.

మా కోటవీధికి పేరు తెచ్చిన కోట కంపెనీవారిది. 1780 అక్టోబరు 3న అక్కడి సిపాయీలు, హైదరాలీతో పోరుకు ఓడనెక్కి మద్రాసు వెళ్ళాలన్న ఉత్తరువును ధిక్కరించి, తమ అధికారులపైననే తుపాకులు పేల్చారు. ఎవరి తుపాకి ఎవరివైపు తిరగాలన్న ప్రశ్న ఈ నేలకు కొత్తది కాదు.

పిల్లల యుద్ధంలో ఒక నియమం మమ్ములను ఆకర్షించింది. గుండు తగిలినదో లేదో తేల్చే అధికారం తగిలినవానిదే. “నాకు తగల్లేదు” అంటే తగలనట్లే; ఎంత సేపైనా వాదించుకోవచ్చును. చచ్చినవాడు ఒప్పుకొంటేనే చావు. మూడవ భాగం అంతా ఈ నియమంపైననే నడుస్తుంది. అన్న కాలుస్తాడు; తమ్ముడు 'తగల్లేదు' అంటాడు. మళ్ళీ కాలుస్తాడు, మళ్ళీ అదే మాట. ఐదారుసార్లు ఇట్లే జరుగుతుంది. సెమినారు హాలులో ప్రదర్శించినప్పుడు అందరూ విరగబడి నవ్వారు. తరువాతి గుండుకు తమ్ముడు ఏమీ అనకుండ కుళాయి ప్రక్కన పడిపోతాడు. అన్న కూడ నవ్వుతూనే నిలబడి, లేస్తాడని చూస్తాడు. కెమెరా కదలదు. కుళాయి నుండి నీరు కారుతూనే ఉంటుంది. వెనుక వరుసలో ఎవరో ఇంకా నవ్వుతున్నారు. కొంతసేపటికి ఆ నవ్వు కూడ ఆగిపోయింది. అన్న గులాబి రంగు తుపాకిని నేలపై పెట్టి, తమ్ముని పేరు పెట్టి పిలుస్తాడు. అది ఆ పిల్లవాని అసలు పేరే.

తమ్ముడు లేచాడా అని దీపాలు వెలిగించిన తరువాత మేము అడిగాము. నాలుగవ భాగం పరీక్షలైన తరువాత తీస్తామన్నారు. కుళాయి ఎవరిదన్నది కూడ అందులోనే తేలుతుందట.